టింగుమనాల్సింది టక్కుమంటే

యాభై ఏళ్ల కిందట షికాగోలో తయారైన పిన్‌బాల్ యంత్రంలో స్పీకరు ఉండదు. బంతి వెళ్లి బంపరుకు తగిలినప్పుడు వినిపించే 'టింగ్' ఎక్కడా రికార్డు చేసింది కాదు. పెట్టె అడుగున నిజంగానే ఒక ఇనుప కడ్డీ ఎగిరి ఒక లోహపు పట్టీని కొడుతుంది. పది పాయింట్లకు ఒక స్వరం, నూటికి ఇంకొకటి, వెయ్యికి మరొకటి. ఆడేవాడు బంతి మీద నుంచి చూపు తిప్పక్కర్లేదు. ఏం వచ్చిందో చెవికే తెలిసిపోతుంది.

ఇప్పుడు ఈ యంత్రాలు పాత సామాన్లు పోగుచేసేవాళ్ల ఇళ్లలోనూ, కాలిఫోర్నియాలోని అలమీడా, నెవాడాలోని లాస్ వేగస్ లాంటి చోట్ల పిన్‌బాల్ కోసమే పెట్టిన ప్రదర్శనశాలల్లోనూ కనిపిస్తాయి. వీటిని బాగుచేసేవాళ్లకు తరచూ ఎదురయ్యే ఫిర్యాదు ఒకటుంది. యంత్రం ఆడుతుంది, దీపాలు వెలుగుతాయి, స్కోరు చక్రాలు తిరుగుతాయి, కానీ గంటల్లో పస ఉండదు. టింగుమనాల్సింది టక్కుమని ఊరుకుంటుంది. యజమాని చెయ్యి ముందుగా గంటను కొట్టించే రాగి తీగ చుట్ట, అంటే కాయిల్ మీదికి పోతుంది. 'పాతదైపోయింది, శక్తి తగ్గింది' అని కొత్త కాయిల్ తెప్పించి, పాతది ఊడదీసి, కొత్తది అతికిస్తాడు. శబ్దం మాత్రం అలాగే ఉంటుంది. ఈ కేసులో మొదట అనుమానం పడేది కాయిల్ మీదే. నేరం రుజువయ్యేది మాత్రం చాలా అరుదు.

పిన్‌బాల్ చూడని పాఠకుల కోసం రెండు మాటలు. నడుమెత్తు బల్ల, దాని మీద గాజు పలక, లోపల కొద్దిగా వాలుగా ఉన్న ఆట మైదానం. స్ప్రింగు కడ్డీతో ఉక్కు బంతిని పైకి తోస్తారు. అది బంపర్ల లాంటి అడ్డొచ్చిన వాటినల్లా ఢీకొంటూ కిందికి జారుతుంటే, రెండు పక్కలా ఉన్న మీటలతో మళ్లీ పైకి కొడుతూ పాయింట్లు సంపాదించాలి. ఆ మీటలనే ఫ్లిప్పర్లంటారు. 1947లో గాట్లీబ్ కంపెనీ తెచ్చిన 'హంప్టీ డంప్టీ'తో అవి వచ్చాయి. గంట వయసులో వాటికంటే పెద్దది. 1933లో హ్యారీ విలియమ్స్ రూపొందించిన 'కాంటాక్ట్' యంత్రంలోనే ఒక విద్యుదయస్కాంతం గుంతలో పడ్డ బంతిని బయటికి తన్నేది, ఇంకొకటి గంట కొట్టేది. అంటే, తొలి రోజుల్లోనే కరెంటుకు అప్పజెప్పిన పనుల్లో గంట కొట్టడం ఒకటన్నమాట.

తర్వాత చాలాకాలం గిన్నె గంటలు నడిచాయి. 1970లలో మూడు పట్టీల చైమ్ పెట్టెలు రాజ్యమేలాయి. కొన్నిట్లో నాలుగు పట్టీలు కూడా ఉంటాయి. బ్యాలీ కంపెనీ 1975లో వదిలిన 'విజార్డ్' పదివేల పైచిలుకు, మరుసటి ఏడాది ఎల్టన్ జాన్ బొమ్మతో వచ్చిన 'కెప్టెన్ ఫెంటాస్టిక్' పదహారు వేల పైచిలుకు తయారయ్యాయి. అదే 1976లో న్యూయార్క్ నగరం పిన్‌బాల్‌ మీద 1942 నుంచీ ఉన్న నిషేధాన్ని ఎత్తేసింది. ఇది అదృష్టం మీద ఆడే జూదం కాదు, చేతి నైపుణ్యమేనని రోజర్ షార్ప్ అనే యువ రచయిత నగర మండలి ముందు ఆడి చూపించాడు. చైమ్‌ల వైభవం ఆ తర్వాత ఎంతోకాలం నిలవలేదు. 1977 నుంచి యంత్రాల్లోకి కంప్యూటర్ చిప్పులు విరివిగా వచ్చాయి, వాటి వెనకే ఎలక్ట్రానిక్ శబ్దాలు. 1979లో విలియమ్స్ వారి 'గోర్గార్' ఏకంగా మాట్లాడింది. మాట్లాడే యంత్రం వచ్చాక లోహపు పట్టీని కొట్టుకునేదెవరు?

ఇక పెట్టె మూత తీసి చూద్దాం. పదో తరగతి భౌతికశాస్త్రంలో సోలినాయిడ్ అని చదువుకున్నదే ఇక్కడా ఉంటుంది: రాగి తీగ చుట్టిన కాయిల్, దాని నడుమ సన్నని గొట్టం, ఆ గొట్టంలో పైకీ కిందికీ కదిలే ఇనుప కడ్డీ. దీన్ని ప్లంజర్ అంటారు. ప్లంజర్ కొసకు నైలాన్ మొన ఉంటుంది. చాలా యూనిట్లలో పట్టీ పైన ఉంటుంది, ప్లంజర్ కింది నుంచి కొడుతుంది. కరెంటు పారిన క్షణంలో అయస్కాంతం ప్లంజర్‌ను పైకి లాగుతుంది. అసలు కిటుకు ఆ తర్వాత ఉంది. అయస్కాంతం దాన్ని పట్టీ దాకా లాక్కుపోదు, కాస్త ఇవతలే ఆపాలని చూస్తుంది. మిగిలిన ఆ కొద్ది దూరం ప్లంజర్ తన ఊపు మీదే పోయి, పట్టీని కొట్టి, వెంటనే వెనక్కి వస్తుంది. కొట్టి తప్పుకుంటేనే స్వరం. కొట్టి అక్కడే ఆనుకుంటే, మోగుతున్న గుడి గంట మీద అరచెయ్యి పెట్టినట్టే.

కాబట్టి 'గంట నీరసంగా ఉంది' అనే ఒక్క ఫిర్యాదులో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. దెబ్బ గట్టిగా పడకపోవడం ఒకటి, దెబ్బ పడినా పట్టీ మోగలేకపోవడం రెండోది. మొదటిది కరెంటుదో, కదలికదో కావచ్చు. రెండోదానికి కరెంటుతో ఏ సంబంధమూ లేదు. ఈ తేడా తేల్చకుండా మల్టీమీటరు బయటికి తియ్యడం టైము దండగ.

తేల్చడానికి వేలు చాలు. ప్లగ్గు గోడ నుంచి పీకెయ్యాలి. స్విచ్చి ఆపితే సరిపోదు. ఆ కాలపు యంత్రాల్లో చాలావాటికి ఎర్తు పిన్ను కూడా లేదు, అమెరికా కరెంటు 120 వోల్టులైనా ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పొరపాటు జరిగితే ప్రాణం మీదికి వస్తుంది. తర్వాత ప్లంజర్ అడుగున వేలు పెట్టి ఒక్కసారి పైకి ఎగరేసి వదిలెయ్యాలి. స్వరం తేటగా సాగితే పట్టీ, దాని రబ్బర్లు బాగున్నట్టు. వెతకాల్సింది కరెంటు దారిలో. వేలితో కొట్టినా 'టక్' మనే వస్తే విద్యుత్తు జోలికే పోనక్కర్లేదు. ఎగరేస్తున్నప్పుడు ప్లంజర్ ఎక్కడైనా పట్టుకుంటున్నట్టు, గరగరలాడుతున్నట్టు అనిపిస్తే గొట్టం సంగతి చూడాలి. మూడు ప్లంజర్లనూ ఇలా వరసగా ఎగరేసి పోల్చుకోవచ్చు. అన్నీ ఒకే కంపెనీలో ఒకే రోజు పుట్టినవి, బాగున్నది ఎలా ఉండాలో పక్కదే చెబుతుంది.

పట్టీ మోగకపోవడానికి పేరుమోసిన కారణం రబ్బరు. ఒక లోహపు పట్టీని కొడితే అది అంతటా ఒకేలా ఊగదు. నడుమా, రెండు కొసలూ బాగా ఊగుతాయి. ఒక్కో కొస నుంచి పొడవులో దాదాపు 22 శాతం లోపలికి వచ్చిన చోట మాత్రం కదలిక ఉండదు. 20 సెంటీమీటర్ల పట్టీ అయితే అంచు నుంచి నాలుగున్నర సెంటీమీటర్ల దగ్గరన్నమాట. జైలోఫోన్ చేసేవాళ్లు పట్టీలను నిలబెట్టేది ఈ రెండు చోట్లనే. చైమ్ పెట్టెలోనూ పట్టీని రంధ్రాల దగ్గర మెత్తటి రబ్బరు ఉంగరాల మీద కూర్చోబెడతారు. అయిదు దశాబ్దాల్లో ఆ రబ్బరు రాయిలా గట్టిపడుతుంది, లేదా తారులా కరిగి అంటుకుపోతుంది, లేదా పొడై రాలిపోతుంది. రాలిపోయాక పట్టీ వెళ్లి ఇనుప చట్రాన్ని తాకుతుంది. ఇక అది పట్టీ కాదు, చట్రంలో ఒక ముక్క.

రబ్బర్లు మార్చాక కూడా మోగలేదని వాపోయేవాళ్లున్నారు. వాళ్లలో ఎక్కువమంది చేసేది ఒకటే: మర గట్టిగా బిగించడం. యంత్రంలో మిగతా మరలన్నీ బిగిస్తేనే మంచిది కనుక చెయ్యి అలవాటు మీద పోతుంది. ఇక్కడ పట్టీ రబ్బరు మీద వదులుగా తేలాలి. వేలితో కదిపితే కాస్త కదలాలి. రబ్బరు నలిగేదాకా మర బిగిస్తే కొత్త రబ్బరైనా పాత రబ్బరైనా ఒకటే.

ఆ తర్వాతి అనుమానితుడు ఎవరి కంటా పడడు. ప్లంజర్ కిందికి పడినప్పుడు ఆనుకోవడానికి అడుగున ఒక మెత్తటి దిండు ముక్క ఉంటుంది. చూడ్డానికి చప్పుడు కాకుండా పెట్టినట్టు కనిపిస్తుంది గానీ, ప్లంజర్ ఎక్కడ నుంచి బయల్దేరాలో నిర్ణయించేది అదే. దిండు అరిగిపోయిందా, ప్లంజర్ మరీ కిందికి దిగి అయస్కాంతం పట్టు సరిగా అందని చోట కూర్చుంటుంది, లేవడంలోనే ఊపు చస్తుంది. జిగురులా కరిగిందా, ప్లంజర్‌ను పట్టుకుని వదలదు. ఎవరో తోచిన మందంతో ఏ స్పాంజి ముక్కో ఇరికించారా, ప్లంజర్ ఎత్తుగా నిలబడి పరుగు తీసే దూరం లేక పట్టీని ముట్టుకుని వస్తుంది. ఒక్కోసారి పొడవు తేడా ఉన్న వేరే యంత్రపు ప్లంజర్‌ను తగిలించి ఉంటారు. పక్కదానితో పెట్టి చూస్తే అరనిమిషంలో దొంగ దొరుకుతాడు. నైలాన్ మొన విరిగినా ఇంతే. పొట్టిదైన ప్లంజర్ పట్టీ దాకా చేరదు, చేరితే లోహం లోహంతో కొట్టుకుని కర్ణకఠోరంగా ఉంటుంది.

ఇక గొట్టం. పాత యంత్రాల్లో అది లోహంతో, తర్వాతివాటిలో నైలాన్‌తో ఉంటుంది. లోపల చేరిన నల్లటి మసి ప్లంజర్‌ను నిదానం చేస్తుంది. ప్లంజర్ కొస ఏళ్ల తరబడి దెబ్బలు తిని పుట్టగొడుగులా విచ్చుకుని గోడలను రాసుకోవడమూ ఉంది. దూదికి స్పిరిటు అద్ది గొట్టం తుడిచి, ప్లంజర్ అంచును ఆకురాయితో సవరిస్తే చాలు. నైలాన్ గొట్టం పాడైతే మార్చడమే మేలు, దాని ఖరీదు స్వల్పం. నూనె మాత్రం చుక్క కూడా వెయ్యకూడదు. తుప్పు వదలగొట్టే స్ప్రే డబ్బాలు ఇంట్లో చేతికందేలా ఉంటాయి కాబట్టి ఈ పాపం చాలామంది చేస్తారు. కొట్టగానే ప్లంజర్ హాయిగా ఎగురుతుంది, యజమాని మురిసిపోతాడు. కొన్ని నెలలకు ఆ నూనె దుమ్మును పీల్చి బంకలా తయారవుతుంది. కాయిల్ వేడి దాన్ని ఇంకా చిక్కబరుస్తుంది. అప్పుడు మొదటికంటే రెండింతలు పని.

వేలితో కొట్టినప్పుడు మోగి, ఆటలో మోగనిదైతే కరెంటు దారి పట్టాలి. ఇక్కడ కథ ఆసక్తిగా మారుతుంది, ఎందుకంటే గంట ఎంతసేపు కరెంటు తాగాలో గంటకు తెలియదు. దాన్ని చెప్పేది స్కోరు చక్రం.

గాట్లీబ్ తరహా యంత్రంలో బంతి నూరు పాయింట్ల బంపరును తాకిందనుకుందాం. ఆ తాకిడి రెప్పపాటు. అంత కొద్ది సమయంలో బరువైన పని జరగదు కనుక అది రిలే అనే ఒక విద్యుదయస్కాంత స్విచ్చిని మాత్రం తట్టి లేపుతుంది. ఆ రిలే తన సొంత కాంటాక్టు ద్వారా తనను తానే పట్టి ఉంచుకుంటుంది. మిగతా కాంటాక్టుల్లో ఒకటి నూర్ల చక్రం కాయిల్‌కు, ఇంకొకటి నూర్ల గంటకు కరెంటు పంపుతుంది. చక్రం కాయిల్ తన మీటను పూర్తిగా లాగిన క్షణాన చివర్లో ఉన్న స్విచ్చి విడిపోతుంది. దాంతో రిలే పట్టు వదులుతుంది, చక్రమూ గంటా రెండూ ఆగుతాయి. ఒక్క కంప్యూటరు చిప్పు లేకుండా, ఇనుము ఇనుముతో మాట్లాడుకుని చేసే లెక్క ఇది. ఆ చివరి స్విచ్చి రేకు ఎవరి చేతిలోనైనా వంగి, మీట సగం దారిలో ఉండగానే విడిపోతోందనుకోండి. చక్రం ఎలాగోలా తిరుగుతుంది. గంటకు మాత్రం అరకొర కరెంటు అంది, ప్లంజర్ లేచీ లేవకుండానే కూలబడుతుంది. యజమాని చైమ్ పెట్టె ముందు కూర్చుని తల పట్టుకుంటాడు. జబ్బు రెండడుగుల పైన, అంకెల చక్రం వెనకాల ఉంటుంది.

మరో రకం యుక్తీ ఉంది. అయిదు వందలు వచ్చినప్పుడు స్కోరు మోటారు అనే నిదానంగా తిరిగే యంత్రాంగం నూర్ల రిలేను అయిదుసార్లు తడుతుంది, గంట అయిదుసార్లు మోగుతుంది. విడిగా నూరు వచ్చినప్పుడు గంట బాగుండి, అయిదు దెబ్బల వరసలో మాత్రమే నీరసిస్తే రెండే చోట్లు చూడాలి: మోటారు మీది స్విచ్చి సర్దుబాటు, లేదా దెబ్బకూ దెబ్బకూ మధ్య అడుగుదాకా దిగలేనంత మందకొడి ప్లంజర్.

సర్దుబాటు బాగుండి కూడా దెబ్బ పలచగా ఉంటే, గంటకు కరెంటిచ్చే కాంటాక్టు మీద కన్నేయాలి. వేల సార్లు నిప్పురవ్వ పుట్టిన చోట అది నల్లబడి గుంటలు పడుతుంది. ఆ మసి ఎంత దోచుకుంటుందో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. సులువు కోసం 24 వోల్టుల డీసీ, 4 ఓముల కాయిల్ అనుకుందాం. పారే కరెంటు 6 ఆంపియర్లు. కాంటాక్టు దగ్గర మసి వల్ల ఇంకొక్క ఓము చేరితే అది 4.8కి దిగుతుంది. అయిదో వంతే కదా పోయింది అనిపిస్తుంది. కానీ అయస్కాంతం లాగే బలం సుమారుగా కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది, అంటే బలం 64 శాతానికి పడిపోతుంది. అసలు యంత్రాల్లో ఏసీ వాడినచోట అంకెలు మారతాయి, దోపిడీ మాత్రం మారదు. మందు చౌకే: ప్లగ్గు తీసి, సన్నని ఆకురాయి ముక్కను రెండు కాంటాక్టుల మధ్య పెట్టి, మెల్లగా రెండు మూడుసార్లు లాగడం. తర్వాత రేకులు కలిసినప్పుడు కేవలం తాకి ఆగకుండా, ఒకదాన్నొకటి కాస్త నెట్టుకునేలా సవరించాలి. చిప్పులు వచ్చాక తయారైన యంత్రాల్లో ఆట మైదానం స్విచ్చిలకు బంగారు పూత ఉంటుంది. అక్కడ ఆకురాయి పెడితే పూత పోతుంది, స్విచ్చీ పోతుంది. గట్టి కాగితం ముక్క లాగితే చాలు.

మూడు గంటలూ ఒకేలా నీరసించాయా? అప్పుడు మూడు ప్లంజర్లు, మూడు కాంటాక్టులు కూడబలుక్కుని చెడిపోయాయని అనుకోవడం కంటే, మూడింటికీ ఉమ్మడిగా వచ్చే తీగను అనుమానించడం తెలివి. బంపర్లు, ఫ్లిప్పర్లు కూడా దెబ్బ తగ్గాయేమో గమనించాలి. తగ్గితే మూలం ట్రాన్స్‌ఫార్మర్ వైపు. తగ్గకపోతే చైమ్ పెట్టెకు వచ్చే ఉమ్మడి తీగ, దాని అతుకు, దారిలో ఉన్న పిన్నుల ప్లగ్గు. ఈ యంత్రాల్లో పై పెట్టె, మైదానం, అడుగు పలక బహుళ పిన్నుల ప్లగ్గులతో కలుస్తాయి. ఇత్తడి పిన్నులు పచ్చబడి, నల్లబడి ఉంటాయి. ఊడదీసి రుద్ది పెడితే చాలాసార్లు యంత్రం మొత్తానికి ప్రాణం లేచొస్తుంది. ఫ్యూజు బిగించే క్లిప్పులు కూడా వదులై వేడెక్కుతాయి. అంతేకానీ ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు వేస్తే గంట గట్టిగా మోగదు, ఏదైనా ఇరుక్కున్న రోజున తీగలు కాలతాయి.

కొన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు కాస్త ఎక్కువ వోల్టులిచ్చే రెండో కొస ఉంటుంది. మెయిన్ కరెంటు తక్కువగా ఉన్న ఊళ్ల కోసం కంపెనీ పెట్టినదది. తీగ అటు మారిస్తే గంటలు వెంటనే చురుకవుతాయి. అందుకే ఈ పని చివర చెయ్యాలి. మసి, బంక అలాగే ఉంచి వోల్టేజీ పెంచితే జబ్బు కప్పబడుతుంది. బాగున్న ఫ్లిప్పర్లు, బంపర్లు అనవసరంగా దెబ్బలు తింటాయి. చిప్పుల యంత్రాల్లో ఏసీని డీసీగా మార్చే నాలుగు డయోడ్ల వంతెన ఉంటుంది. అందులో ఒక డయోడు తెగిపోతే సగం అలలే దాటతాయి. కాయిళ్లన్నీ పనిచేస్తూనే నీరసించే యంత్రంలో దాన్ని తప్పక చూడాలి.

ఇంతకీ మొదట అనుమానించిన కాయిల్ మాటేమిటి? రాగి తీగ చుట్టకు వయసు రాదు. శాశ్వత అయస్కాంతంలా శక్తి తరిగిపోవడానికి అందులో దాచిన శక్తి ఏదీ లేదు, పారిన కరెంటే దాని బలం. అది చెడిపోయేది ఎక్కువగా ఒక పద్ధతిలో: ఎప్పుడో రిలే అతుక్కుపోయి గంటకు ఆగకుండా కరెంటు పారడం, కాలి లోపలి చుట్లు ఒకదానితో ఒకటి కలిసిపోవడం. అలాంటి కాయిల్ మీది కాగితం గోధుమరంగుకో నలుపుకో తిరిగి ఉంటుంది, గొట్టం వంకరపోయి ప్లంజర్ బయటికి రాదు. ఒక తీగ విడదీసి ఓములు కొలిచి పక్కవాటితో పోలిస్తే సందేహం తీరుతుంది. అయితే పోల్చేముందు మూడు కాయిళ్ల కాగితాల మీదున్న నంబరు ఒకటేనా అని చూడాలి. ఎవరో గతంలో సన్న తీగ ఎక్కువ చుట్లున్న వేరే కాయిల్ తగిలించి ఉండొచ్చు. అది కాలలేదు, చెడలేదు, ఆ చోటికి తగినది కాదు, అంతే.

ఇవన్నీ చూసే ముందే టార్చి వేసి చూడాల్సింది ఇంకొకటి ఉంది. ఈ యంత్రాలు మొదట ఇళ్లకు రాలేదు. బార్లలో, కేఫుల్లో, బౌలింగ్ కేంద్రాల్లో నాణేలు మింగుతూ బతికాయి. రాత్రి దాకా టింగుటింగుమంటుంటే కౌంటరు వెనక ఉన్నవాడికి విసుగు పుడుతుంది. పట్టీకి చుట్టిన టేపు, కింద కుక్కిన స్పాంజి, మడిచి దోపిన అట్టముక్క, కత్తిరించి కొస మడిచేసిన తీగ ఆ విసుగు గుర్తులే. ఇవి చెడిపోయినవి కావు, కావాలని చేసినవి. టేపు పీకి, జిగురు తుడిచి, తీగను సర్క్యూట్ పటంలో రాసిన రంగు చూసుకుని అతికితే పని అయిపోతుంది. ఇప్పటి యజమానుల్లో పిల్లలు పడుకున్నాక ఆడుకునేవాళ్లు మళ్లీ ఒక ఫెల్టు ముక్కను పట్టీ కింద దోపుతుంటారు. ఆ మాట ఒక చీటీ మీద రాసి పెట్టె లోపల అంటిస్తే, తర్వాత కొనేవాళ్లు కొత్త కాయిల్ కోసం డబ్బు ఖర్చుపెట్టకుండా ఉంటారు.